పసుపు రాసిన కాయిల్

పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో, బస్టాండు వెనక సందులో జీడిగింజలు కాల్చే పొగ వాసన ఏడాది పొడవునా వదలదు. ఆ సందులో ‘సన్యాసయ్య వైండింగ్ వర్క్స్’ అని ఒక రేకు బోర్డు ఉండేది. బోర్డు మీద పేరు సన్యాసయ్యది, లోపల పని నూకమ్మది. తొంభై ఏడు నుంచీ ఈ సంగతి సందులో అందరికీ తెలుసు. సందు దాటితే ఎవరికీ తెలియదు.

సన్యాసయ్య విశాఖపట్నంలో వైండింగు నేర్చుకుని వచ్చిన మనిషి. కాలిపోయిన మోటార్లు, స్టెబిలైజర్లు విప్పి మళ్ళీ తీగ చుట్టడం అతని వృత్తి. చెయ్యి మంచిది, నోరు ఇంకా మంచిది. నలభై ఐదు నిండకుండానే కళ్ళు మసకబారాయి. లావు తీగైతే తడిమి చుట్టేవాడు గానీ, సన్న తీగ చేతిలో ఉందో జారిపోయిందో కూడా తెలిసేది కాదు. ఒకరోజు పొద్దుటి నుంచి చుట్టిన తీగ మధ్యాహ్నానికి చిక్కుపడిపోతే, అంత నోరున్న మనిషీ మాట్లాడకుండా కూర్చుండిపోయాడు. నూకమ్మ వంటింట్లోంచి వచ్చి, చేతులు తుడుచుకుని, ఆ చిక్కు తీసి పెట్టింది. అది మొదలు.

ఆమెకి అదేమంత కష్టం కాలేదు. నూకమ్మ బారువ పిల్ల. జాలారి ఇంట పుట్టి, పదేళ్ళు రాకముందే తండ్రి పక్కన ఇసుకలో కూర్చుని వల అల్లింది. వరసకి ఇన్ని కన్నులని లెక్క పెట్టుకుంటూ, మధ్యలో ఎవరేం అడిగినా జవాబిస్తూ, లెక్క తప్పకుండా అల్లడం ఆ ఇళ్ళలో ఆడపిల్లలకి చిన్నప్పుడే పడే అలవాటు. ఆ వేళ్ళకి తీగ కొత్తగానీ లెక్క కొత్త కాదు.

చుట్టడం వచ్చింది సరే, ఎందుకు చుట్టాలో తెలియకుండా చుట్టే రకం కాదు ఆమె. ఒకరోజు పాత స్టెబిలైజరులోంచి తీసిన ట్రాన్స్‌ఫార్మరు ముందు పెట్టుకుని భర్తని నిలదీసింది.

“ఇదుగో, లోపలొక తీగ, పైనొక తీగ. రెండింటికీ మజ్జిన కాయితం. ఎక్కడా ఒకదానికొకటి తగలవు. మరి కరెంటు ఎలగ దాటతాది?”

“దాటదే. కరెంటు దాటదు. మొదటి తీగలో కరెంటు మారినప్పుడల్లా మజ్జినున్న ఇనుములో అయస్కాంతం పుడతాది, సత్తాది. అది పుట్టినప్పుడల్లా, సచ్చినప్పుడల్లా రెండో తీగలో కొత్త కరెంటు లేత్తాది. మార్పు ఉంటేనే ఉంటాది. కదలకుండా ఉన్న కరెంటుకి రెండో తీగ పలకదు.”

“అబద్దం సెప్పకు.”

అబద్ధమో నిజమో చూపిస్తానన్నాడు సన్యాసయ్య. సన్న తీగ కొసలు రెండూ ఆమె చేతులకిచ్చి, లావు తీగకి ఆరు వోల్టుల బ్యాటరీ తగిలించాడు. ఏమీ కాలేదు. “ఏటి, సీమ కుట్టినట్టు కూడా నేదు” అంది నూకమ్మ. అతను అలాగే ఉంచి, లోకాభిరామాయణం రెండు మాటలు మాట్లాడి, చటుక్కున తీగ లాగేశాడు. నూకమ్మ ఎగిరి జీడిపిక్కల బస్తా మీద పడింది.

“తగిలించినప్పుడు మెల్లగా పెరుగుతాదే, తెంచినప్పుడు ఒక్కసారే సత్తాది, అప్పుడే కొడతాది!” అని అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. సాయంత్రం దాకా ఆమె అతనితో మాట్లాడలేదు. సాయంత్రం కాఫీ గ్లాసు ముందు పెట్టి, “మల్లీ సూపించు, ఈసారి నువ్వట్టుకో” అంది.

ఆ తర్వాత ఆమెకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. రెండో తీగ చుట్లు ఎన్ని రెట్లు ఎక్కువైతే వోల్టేజీ అన్ని రెట్లు పెరుగుతుంది, కరెంటు అంతకంత తగ్గుతుంది. చుట్లు తక్కువైతే వోల్టేజీ తగ్గుతుంది. ఊరి చివర స్తంభం మీద గుంయ్‌మని మోగే పెద్ద ట్రాన్స్‌ఫార్మరైనా, ఉద్దానం కొబ్బరితోటల మధ్య ఇళ్ళలో టీవీ కింద పెట్టుకునే స్టెబిలైజరైనా కథ ఒకటే. ఆ రోజుల్లో సాయంత్రమైతే ఆ ఊళ్ళలో బల్బు వెలగదు, లోపలి తీగ ఎర్రబడి ఊరుకుంటుంది. అందుకే సన్యాసయ్య కొట్టుకి పని కరువు లేదు.

ఇంతలో తీరంలో తెప్పల వెనక కిరసనాయిలు ఇంజన్లు వచ్చాయి. పెట్రోలు మీద మొదలుపెట్టి, వేడెక్కాక కిరసనాయిలుకి మార్చేవి. ఉప్పుగాలికి వాటిలో నిప్పురవ్వ పుట్టించే తీగచుట్టలు, అంటే కాయిళ్ళు, తొందరగా పాడయ్యేవి. బారువ నుంచి, మూలపేట నుంచి గోనెసంచుల్లో కట్టుకుని కొట్టుకి తెచ్చేవారు. నూకమ్మ ఒకటి విప్పి చూసి నవ్వింది. ఇది కూడా ట్రాన్స్‌ఫార్మరే, కాకపోతే ఆత్రం ఎక్కువ. లోపల లావు తీగ నూట ఎనభై చుట్లు, దాని మీద తలవెంట్రుక లాంటి తీగ పదివేల ఎనిమిది వందల చుట్లు. అరవై రెట్లు. ఇంజను చక్రంతో పాటు అయస్కాంతం తిరిగితే లోపలి తీగలో కరెంటు పుడుతుంది. సరిగ్గా వేళకి పాయింట్లనే రెండు లోహపు మొనలు విడిపోయి దాన్ని తెంచేస్తాయి. ఆ తెంచిన దెబ్బకి పై తీగలో వేల వోల్టులు లేచి, ప్లగ్గు కొస దగ్గర గోరు మందం సందు దాటలేక దాటి, నిప్పురవ్వై ఇంజనుని రగిలిస్తాయి. జీడిపిక్కల బస్తా మీద తను పడ్డ కథే ఇది, ఇంజను లోపల నిమిషానికి కొన్ని వేలసార్లు జరుగుతోంది.

నూరు చుట్లకి ఒక చింతపిక్క గిన్నెలో వేసుకుంటూ చుట్టేది. ఒక కాయిల్‌కి నూట ఎనిమిది పిక్కలు. “అష్టోత్తరం అయిందా?” అని సన్యాసయ్య వేళాకోళం చేసేవాడు. గుడికి వెళ్ళే తీరిక లేని నూకమ్మ ఆ మాటకి కోప్పడేది కాదు.

రెండువేల రెండులో ఆమె తమ్ముడు పోలారావు ఇంజను కాయిల్ పోయింది. వేట నిషేధం రోజులు. జూన్ మొదట్లో మళ్ళీ పడవలు దిగుతాయి. నూకమ్మ ఆ కాయిల్‌ని ఎవరి కాయిల్‌నీ చుట్టనంత శ్రద్ధగా చుట్టింది. వార్నిష్ రెండుసార్లు పట్టించి ఎండలో ఆరబెట్టింది. తనే పట్టుకుని సోంపేట బస్సెక్కి బారువ వెళ్ళింది.

వెళ్ళడానికి ఇంకో కారణం కూడా ఉంది. నిషేధం అయ్యాక మొదటిసారి పడవ దిగేటప్పుడు ఆ ఇంటి ఆడపడుచు వచ్చి గంగమ్మ తల్లి పేర పడవకి పసుపు రాసి బొట్టు పెట్టాలి. పోలారావుకి తోడబుట్టినవాళ్ళు ఇంకెవరూ లేరు, నూకమ్మ ఒక్కతే. పడవ ముక్కుకి రాసింది, అంచులకి రాసింది. ఇంజను దగ్గరికి వచ్చింది. ఇంజను వేడెక్కుతోందని దాని పైమూత ఎప్పుడో తీసి ఇంట్లో మూల పడేశారు. కాయిల్ బయటికే కనిపిస్తోంది. తన చేతి పని. దాని మీద మూడు వేళ్ళతో నిండుగా పసుపు గీతలు గీసి, మధ్యలో కుంకుమ పెట్టింది. ఊళ్ళో పెద్ద తవిటయ్య పక్కనే కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాడు.

“సన్యాసయ్య సుట్టిందేటి?” అని అడిగాడు.

నూకమ్మకి ఆ పూట ఎక్కడలేని సంతోషంగా ఉంది. తమ్ముడి పడవ, తన కాయిల్. “ఆయన కాదు మావా, నానే సుట్టినాను” అంది. అయిదేళ్ళుగా దాచిన మాట అలా నోరు జారింది. తవిటయ్య కొబ్బరికాయ కొట్టాడు. పోలారావు భార్య రత్నాలమ్మ మాత్రం ఒకసారి కాయిల్ వైపు, ఒకసారి ఆడపడుచు వైపు చూసింది. ఇంజను మొదటి లాగుకే అందుకుంది. పడవ వెళ్ళింది.

ఆ సాయంత్రానికి అన్ని పడవలూ వచ్చాయి. పోలారావుది రాలేదు.

మర్నాడు పొద్దున్నా రాలేదు. నూకమ్మ ఆగిపోయింది, పలాస వెళ్ళలేదు. రత్నాలమ్మ నీళ్ళ అంచున కూర్చుంది. తిండి ముట్టలేదు. మధ్యాహ్నం దాటాక కబురొచ్చింది. వల లాగాక ఇంజను మళ్ళీ అందుకోలేదట. నైరుతి గాలి పడవని ఉత్తరానికి నెట్టుకుపోతే, ఒడిశా జాలారులు చూసి, తాడు కట్టి డొంకూరు ఒడ్డుకి లాగారట. పడవలో ఉన్న ముగ్గురూ బతికే ఉన్నారు.

పోలారావు బస్సు దిగి వచ్చాక అక్కకి చెప్పాడు. “ప్లగ్గు విప్పి సూసినాను అప్పా. రవ్వ నేదు. వందసార్లు లాగుంటాను.”

రవ్వ లేదంటే కాయిల్ పోయిందని చిన్నపిల్లలు కూడా చెబుతారు. పడవ లారీ మీద తిరిగి వచ్చాక రత్నాలమ్మ తనే దగ్గరుండి కాయిల్ ఊడదీయించి, తెచ్చి నూకమ్మ ముందు పెట్టింది.

“ఒదినా, నీకు సేతులెత్తి దండం పెడతాను. నువ్వు సుట్టిన తీగ మా పడవ మీదికి రానీకు. ఆ ఒకటిన్నర రోజు నాను ఏటి పడ్డానో నీకు తెలదు.”

తెలియకేం, పక్కనే ఉంది. నూకమ్మ కాయిల్ని కొంగులో కట్టుకుని బస్సెక్కింది. వారం తిరక్కుండా తీరంలో ఒక మాట పాకింది, పలాస కొట్లో కాయిళ్ళు ఆడమనిషి చుడుతోందట, లెక్క తప్పుతోందట అని. గోనెసంచులు రావడం ఆగిపోయింది. ఆమెని తినేసింది మాత్రం అది కాదు. నిజంగానే లెక్క తప్పిందేమో! మధ్యలో ఎక్కడో తీగ తెగితే చూసుకోలేదేమో! తన చేత్తోనే తమ్ముణ్ణి సముద్రం మీద వదిలేసిందేమో!

కొట్లో కాయిల్ని పరీక్షించే బల్ల మీద పెట్టింది. రవ్వ టప్‌మని దూకింది. నీలంగా, బలంగా, ఇంకే కాయిల్‌కీ రానంతగా. పదిసార్లు చూసింది. పదిసార్లూ దూకింది. దాని మీద ఎండి పగుళ్ళు పట్టిన పసుపు గీతలు అలాగే ఉన్నాయి. గంగమ్మ తల్లికి రాసిన పసుపు, తుడవడానికి మనసు రాలేదు.

“విప్పి లెక్కెడతాను” అని కత్తి తీసింది.

సన్యాసయ్య చప్పుడుని బట్టి చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. “విప్పితే సాచ్చెం సచ్చిపోతాది. ఇక్కడ ఆడింది అక్కడ ఆడనేదంటే, ఇక్కడ లేనిదేదో అక్కడ ఉన్నాది. ఎల్లి సూడు.”

మళ్ళీ బారువ వెళ్ళింది. రత్నాలమ్మ గుమ్మంలో నిలబడి రమ్మనలేదు, పొమ్మనలేదు. పోలారావు పెరట్లో ఇంజనుని కింది పంకా మునిగేంత వరకే నీళ్ళ పీపాలోకి దించి బల్లకి బిగించాడు. కాయిల్ బిగించి తాడు లాగాడు. మొదటి లాగుకే అందుకుంది.

“ఒడ్డున ఆడతాది,” అంది రత్నాలమ్మ గుమ్మంలోంచే. “సముద్రంలో సత్తాది.”

నూకమ్మ ఆ మాట పట్టుకుంది. ఒడ్డున లేనిది, కొట్లో లేనిది, సముద్రంలో ఉన్నది ఏమిటి? బిందె తీసుకుని సముద్రానికి వెళ్ళి ఉప్పునీళ్ళు తెచ్చింది. ఇంజను ఆడుతుండగా, తెర కొట్టినప్పుడు జల్లు పడినట్టు, అరచేత్తో దాని మీద చిలకరించింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి ఇంజను తుమ్మి ఆగిపోయింది. పోలారావు లాగాడు. మళ్ళీ లాగాడు. అందుకోలేదు.

“గోనె తే తమ్మీ.”

మిట్టమధ్యాహ్నం ఎండలో ఆమె గోనెసంచి తల మీద కప్పుకుని, ఇంజను మీదికి వంగి, వెలుగు రాకుండా అంచులు బిగపట్టుకుంది. లాగమంది. అప్పుడు కనిపించింది. నీలంగా దారమంత రవ్వ ప్లగ్గు వైపు పోవడం లేదు. కాయిల్ కొస దగ్గర పుట్టి, తడిసిన పసుపు గీత వెంబడే పాకి, కింద ఇనుములో కలిసిపోతోంది. మూడు గీతలు, మూడు దారులు. వేల వోల్టులకి కావలసింది ఇనుముకి దగ్గరి దారి. ఎండి ఉన్నప్పుడు పసుపు దారివ్వదు. ఉప్పునీళ్ళు తాగితే ఇస్తుంది. దారి దొరికాక ప్లగ్గు దగ్గర సందు దాటే శ్రమ అది ఎందుకు పడుతుంది?

కాయిల్ మంచిదే. ఒక్క చుట్టు తప్పలేదు. ఆ మాట చెప్పి లేచిపోతే చాలు, కొట్టు నిలబడుతుంది. కానీ ఆ గీతలు గీసిన వేళ్ళు కూడా తనవే.

“రత్నాలూ, ఇలగ రా” అని పిలిచింది.

రత్నాలమ్మ వచ్చింది. ఒక గోనె కింద ఇద్దరి తలలూ చేరాయి. పోలారావు తాడు లాగాడు.

“ఓలమ్మో!” అంది రత్నాలమ్మ. “అదేటది, పాకతంది?”

“అదే రవ్వ. ప్లగ్గుకెల్లాల్సింది. పసుపు తడిసి దాన్ని పక్కకి లాగీసినాది.”

గోనె తీశాక ఇద్దరూ ఎండకి కళ్ళు చికిలించారు. “అయితే కాయిల్ది తప్పు కాదన్నమాట” అంది రత్నాలమ్మ నెమ్మదిగా.

“కాదు. నాది. ఆ పసుపు రాసింది నానే కదా. నా కాయిలని మురిసిపోయి, ఎక్కువే రాసినాను.” ఆ మాట అన్నాక నూకమ్మకి ఏడుపొచ్చింది. వారం రోజులుగా రానిది, అంతా ఒకేసారి వచ్చింది.

ఈ గోలకి తవిటయ్య వచ్చాడు. విషయం విని మొహం ముడుచుకున్నాడు. కాయిల్ చెడిందంటే ఊరు ఒప్పుకుంటుంది. ఆడపడుచు లెక్క తప్పిందన్నా ఒప్పుకుంటుంది. “గంగమ్మ పసుపు పడవని ఆపీసినాదంటారేటి? ఏ నోటితో అంటారే ఆ మాట?”

తప్పు తనదేనని ఒప్పుకోవడం వరకే వచ్చింది నూకమ్మ, పసుపు సంగతి ఆలోచించలేదు. జవాబు చెప్పింది రత్నాలమ్మ.

“పసుపు ఆపనేదు మావా. పసుపు ఎండలో ఎంత సేపున్నా ఇంజను ఆడింది, నానే సూసినాను. ఉప్పునీరు ఆపినాది. పసుపు పడవకి రాత్తాం, ఎప్పట్లాగే. ఇంజనుకి మూతెట్టి, మూత మీద రాత్తాం. పూజంతా అయినాక, పొడి సేతుల్తో ఒదినే కాయిల్ బిగిత్తాది. అప్పుడే పడవ దిగతాది. ఇంజనుకి అది ప్రాణం కదా, స్నానం పూజా అయినాకే ప్రాణం పెడితే తప్పేటి?”

విగ్రహానికైనా అదే వరస కదా అనుకున్నాడో ఏమో తవిటయ్య, “మూత ఎక్కడున్నాదో ఎతకండి” అన్నాడు.

మూత దొరికింది. లోపల కోడి పొదుగుతోంది.

మర్నాడు పడవ దిగింది. ఆ మరుసటి ఏడాది బారువలో సగం పడవలు అదే వరస పట్టాయి. మిగతా సగం దాని మరుసటి ఏడాది పట్టాయి. గోనెసంచులు మళ్ళీ కాశీబుగ్గ సందుకి వచ్చాయి. ఈసారి తెచ్చినవాళ్ళు సన్యాసయ్యని దాటుకుని లోపలికి చూసి, “అప్పా, ఇది నువ్వే సుట్టాల” అనేవారు. సన్యాసయ్య ఆ మాటకి చిన్నబుచ్చుకున్నట్టు నటించి, మళ్ళీ అందరికీ చెప్పుకునేవాడు. రేకు బోర్డు మాత్రం మార్చలేదు. పెయింటరు అక్షరానికింత అంటాడని నూకమ్మే వద్దంది.

రెండువేల తొమ్మిది నాటికి పోలారావు కొత్త ఇంజను కొన్నాడు. పాయింట్లు లేవు. కాయిల్ నల్లటి గట్టి ముద్దలో మూసేసి ఉంది. విప్పేది లేదు, చుట్టేది లేదు. పాడైతే పారేసి ఇంకోటి కొనుక్కోవడమే. పసుపు కాదు కదా, సముద్రాన్నే గుమ్మరించినా దానికి చలనం లేదు. తమ్ముడు ఊడదీసి తెచ్చి చూపిస్తే, నూకమ్మ దాన్ని కొట్లో అటూ ఇటూ తిప్పి చూసి, చింతపిక్కల గిన్నె పక్కన పెట్టింది. అప్పటికే కొట్లో అలాంటి పని సగానికి సగం తగ్గింది.

ఆ జూన్‌లో పడవ దిగే రోజు సోంపేట దగ్గర ఆమె ఎక్కిన బస్సు టైరు పంక్చరైంది. బారువ ఒడ్డుకి చేరేసరికి ఎండ ఎక్కింది. తక్కిన పడవలన్నీ ఎప్పుడో వెళ్ళిపోయాయి. పోలారావుది ఒక్కటే ఇసుకలో ఉంది. ఆడపడుచు రావడం ఆలస్యమయ్యేసరికి పసుపు రత్నాలమ్మే రాసింది, పూజ అయింది. ఇంజను ఆడుతోంది. పోలారావు విసుక్కుంటున్నాడు. రత్నాలమ్మ పడవ ముక్కు పట్టుకుని, కదలనివ్వకుండా నిలబడింది.

“ఒదిన వచ్చీసినాది, ఇంజను ఆపు” అంది మొగుడితో.

“ఆడతన్న ఇంజను ఆపమంటావేటే!”

“ఆపు.”

ఆపాడు. నూకమ్మ రొప్పుతూ వచ్చింది. “ఎందుకు రత్నాలూ, బేగి ఎల్లనియ్యొచ్చు కదా. ఇది మూసేసిన కాయిలు. బిగించడానికేటీ నేదు. నా సెయ్యి దీనికి అక్కర్నేదు.”

“కాయిల్‌కి కాదొదినా,” అంది రత్నాలమ్మ. “నాకు.”

నూకమ్మ మంచినీళ్ళతో చేతులు కడుక్కుంది. కొంగుతో వేలు వేలూ తుడుచుకుంది. మూత ఎత్తి, అప్పటికే బిగుసుకుని ఉన్న ప్లగ్గు టోపీని ఊడదీసి, మళ్ళీ పెట్టి, బొటనవేలితో గట్టిగా నొక్కింది. మూత వేసింది. రత్నాలమ్మ పడవ ముక్కు వదిలింది.